వాల్వు కూర్చున్న చప్పుడు

తెలంగాణ రావడానికి ముందు జరిగిన ఆ ఎన్నికల ఎండాకాలంలో, మా ఆయనకు చెవులు సరిగా వినిపించడం లేదన్న సంగతి నాకొక్కదానికే తెలుసు. ఆయనకూ తెలుసు గానీ ఒప్పుకునే మనిషి కాదు. ఎల్లారెడ్డిలో కామారెడ్డి రోడ్డు మీద మా రేకుల షెడ్డు ఉండేది. ఇప్పుడక్కడ సిమెంటు దుకాణం ఉంది. సిద్ధిరాములు ఉస్తాద్ అంటే ఇటు లింగంపేట నుంచి అటు బాన్సువాడ దాకా డీజిల్ బండ్లున్న వాళ్లందరికీ ఎరుకే. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్ మీద పెట్టి, కర్రపిడిని చెవికి ఆనించి, కళ్లు మూసుకుని బండి రోగం చెప్పేవాడు. "కండ్లు మోసం జేస్తయ్, సప్పుడు చెయ్యది" అని ఆయన మాట. ఆ ఏడు మాత్రం పిడిని చెవికి కాక పళ్ల మధ్య పెట్టుకోవడం మొదలుపెట్టాడు. చూసినవాళ్లు అదేదో కొత్త విద్య అనుకున్నారు. అదురు తప్ప చప్పుడు ఆయనకు చేరడం లేదని నేను అర్థం చేసుకున్నాను.

ఇంట్లో మేమిద్దరమే. వంట అయ్యాక నేనూ షెడ్డుకే పోయేదాన్ని. కిరసనాయిలు పళ్లెం ముందు పీట వేసుకుని, విప్పిన సామాన్లు కడగడం నా పని. పాతికేళ్లు అదే పని చేస్తే ఏ చప్పుడు దేనిదో గోడకైనా తెలుస్తుంది. అందుకే ఆయన స్క్రూడ్రైవర్ పెట్టి కళ్లు మూసుకున్నప్పుడల్లా, ఏమీ తెలియనిదానిలా నేను అడిగేదాన్ని.

"ట్యాపెట్లు గాదు గద?"

"ట్యాపెట్లే" అనేవాడు ఆయన, కళ్లు తెరవకుండానే.

ఇలాగే ఆరేడు నెలలు నడిచింది. ఈ విషయం మేమిద్దరం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. 'చెవిటివాని ముందు శంఖం' అనే సామెత నాకు చిన్నప్పటి నుంచి అలవాటు, నోటికొచ్చినట్టు అనేదాన్ని. ఆ ఏడు దాన్ని కూడా మింగేశాను.

ఉగాది పోయిన మూడో రోజు బాబూలాల్ తన బండి తెచ్చాడు. వాళ్లది ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న తండా. దుబాయ్‌లో ఆరేళ్లు డ్రైవరు పని చేసి వచ్చి, ఏడు సీట్ల తెల్లబండి సెకండ్ హ్యాండులో కొనుక్కున్నాడు. పెళ్లిళ్లకూ ఆసుపత్రులకూ తిప్పుకుంటూ బతుకుతున్నాడు. ఇప్పుడు ఒక పార్టీవాళ్లు దాన్ని నెల రోజులకు మాట్లాడుకున్నారు. బండి మీద రెండు మైకులు, రెండు పక్కలా అభ్యర్థి ఫొటోలు, లోపల ఎప్పుడూ ఆగని పాట.

"ఉస్తాద్, రోడ్డు మీద పులి లెక్క పోతది. ఊర్లె జొర్రంగనే సస్తుంది" అన్నాడు బాబూలాల్. "జనం ముంగట నడుస్తుంటరు గద, ఎన్క మెల్లగ పోవాలె. గప్పుడే నల్లగ పొగ గొట్టి బందయితది."

మా ఆయన స్క్రూడ్రైవర్ పెట్టాడు. నేను చెవులు రిక్కించాను. ఇంజన్ ఎగుడుదిగుడుగా కొట్టుకుంటోంది. ఆ చప్పుడు కింద ఇంకోటి కూడా వినిపించింది, పెనం మీద నీళ్లు చిలికినట్టు సుయ్యిమని. పాత బండ్లలో అలాంటిది ఎన్నడూ వినలేదు. అదేమిటో నాకు తెలియదు. పేరు తెలియనిదాన్ని అడిగినట్టు నటించి చెప్పడం ఎలా?

తెలిసిందే అడిగాను. "నాజిళ్లు గాదు గద?"

"నాజిళ్లే" అన్నాడు.

డీజిల్ చిమ్మే ఆ నాజిళ్లు విప్పి కామారెడ్డిలో పంపులు బాగుచేసే దుకాణానికి పంపించాం. వచ్చాక బిగించి, బండిని తాడ్వాయి దాకా తోలి చూసుకున్నారు. మంచిగా పోయింది. బాబూలాల్ సంతోషంగా మా ఆయన మోకాలు ముట్టి దండం పెట్టి వెళ్లాడు. రోడ్డు మీద గట్టిగా తోలినందువల్లే లోపలి మసి కొంత కొట్టుకుపోయి బండి తాత్కాలికంగా తేరుకుందని అప్పుడు మాకెవరికీ తోచలేదు. మూడో రోజుకు మళ్లీ ఒక ఊరి నడిబజారులో ఆగింది. తోసుకుంటూ బయటికి తెచ్చారు.

రెండోసారి వచ్చినప్పుడు బాబూలాల్ వెంట హన్మండ్లు కూడా వచ్చాడు. ఆ పార్టీ బండ్లన్నీ అతని చేతి కింద ఉండేవి. తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. మనిషిని చూస్తూ మాట్లాడే అలవాటు లేదు.

"గిదేంది ఉస్తాద్? ఇరవై బండ్లు తిరుగుతున్నయ్, గీ ఒక్కటే ఎందుకు ఆగుతుంది? అది గూడ అవతలోళ్ల ఊర్లల్లనే ఎందుకు ఆగుతుంది?"

నిజానికి అన్ని ఊళ్లలోనూ ఆగింది. అవతలి పార్టీ బలం ఉన్న ఊళ్లలో ఆగినప్పుడు అక్కడి పిల్లలు ఈలలు వేశారు, అవే అందరికీ గుర్తున్నాయి. ఎన్నికలప్పుడు ఎవరికీ ఎవరి మీదా నమ్మకం ఉండదు. బండి చెడింది అనేదానికంటే బండివాడు అమ్ముడుపోయాడు అనేదే తొందరగా నమ్ముతారు.

మా ఆయన ఆ రోజు చిరాకు మీద ఉన్నాడు. డీజిల్ కొంచెం అరచేతిలో పోసుకుని వాసన చూసి, "కిరసనాయిలు కలుపుతున్నవా?" అని బాబూలాల్‌ని అడిగాడు.

బాబూలాల్ మొహం నల్లబడింది. "సేవాలాల్ మహారాజ్ మీద ఒట్టు ఉస్తాద్. ఒక్క చుక్క కలపలె."

"కలపకుంటె నల్లపొగ ఎందుకొస్తది?"

బాబూలాల్ ఏదో అన్నాడు గానీ నెమ్మదిగా అన్నాడు. మా ఆయనకు అందలేదు. అందలేదని చెప్పకుండా తల తిప్పుకున్నాడు. మొహం మీద తలుపు వేసినట్టయింది ఆ పిల్లవాడికి. 'మీరు చెప్పినంక ఇంకెవలకు చెప్పుకోవాలె' అన్నాడని నేను చెప్పొచ్చు కదా. చెప్పలేదు. మధ్యవర్తిలా మాట మోస్తే హన్మండ్లుకు మా ఆయన చెవుల మీద అనుమానం వస్తుందని నా భయం. ఆ నెలంతా నా బతుకు అడకత్తెరలో పోకచెక్కే.

ప్రచారం ముగియడానికి ఒక రోజు ముందు, పొద్దున్నే బాబూలాల్ ఒక్కడే వచ్చాడు. మా ఆయన ఇంకా ఇంట్లో స్నానం చేస్తున్నాడు. నా పీట దగ్గర గొంతుక్కూర్చుని, జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు.

"అక్కా, తప్పు పట్టకుండ్రి. నిన్న కామారెడ్డిల కంప్యూటర్ పెట్టి సూపిచ్చిన. ఈజీఆర్ వాల్వు అంటుంది. ఉస్తాద్‌కు ఎట్ల జెప్పాల్నో సమజయితలేదు."

"అదేం వాల్వు రా?"

"కాలిన పొగల కొంత మల్ల ఇంజన్లకే పంపుతదట. మెల్లగ పోయేటప్పుడు మూసుకోవాలె. మసి పట్టి మూసుకుంటలేదట. కొత్తది హైదరాబాద్ నుంచి రావాలె, ఓట్లయినంకనే అన్నరు."

నేను విన్న సుయ్యిమనే చప్పుడు అదేనని అప్పుడు తెలిసింది. ఒక నెల ముందు నోరు విప్పి 'ఇక్కడేదో కొత్త సప్పుడుంది' అన్నా సరిపోయేది. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆయన వచ్చి ఆ కాగితం చూసి కోపపడతాడనుకున్నాను. కోపపడలేదు. చాలాసేపు దాన్ని చదివి, బాబూలాల్ భుజం మీద చెయ్యి వేసి, "తియ్ రా, ఇప్పుదాం" అన్నాడు. కిరసనాయిలు మాట అన్నందుకు అంతకంటే ఆయనకు క్షమాపణ చెప్పడం రాదు. బాబూలాల్‌కు అది చాలు, మళ్లీ నవ్వాడు.

వాల్వు విప్పితే పిడికెడంత ఉంది. పైన గిన్నెలాంటి మూత, దానికి రబ్బరు గొట్టం తగిలించే చిన్న ముక్కు. కింద కాడ, కాడ చివర బిళ్ల. లోపలంతా అడుగంటిన పాయసం గిన్నెలా మసి పేరుకుపోయింది. కిరసనాయిలులో నానబెట్టి బ్రష్షుతో తోమాను. పైది పోయింది గానీ బిళ్ల కూర్చునే అంచు చుట్టూ ఉన్నది రాయిలా గట్టిపడింది. రాత్రంతా నానితే తప్ప కదిలేలా లేదు.

"ఇంకా నానాలె" అన్నాను.

అప్పటికే హన్మండ్లు వచ్చి రోడ్డు మీద మోటారుసైకిలు దిగాడు. షెడ్డు బయట నిలబడి, "ఉస్తాద్!" అని పిలిచాడు. మా ఆయన అటు వీపు పెట్టి ఉన్నాడు. తిరగలేదు. "ఓ ఉస్తాద్!" అని ఈసారి ఇంకా గట్టిగా పిలిచాడు. నేను కాలితో పళ్లెం తన్నాను. అది కదలడం చూసి ఆయన తిరిగాడు.

హన్మండ్లు పళ్లు బయటపెట్టి నవ్వాడు. "ఏంది ఉస్తాద్, చెవుడు గిట్ల ఒచ్చిందా? గందుకే మా బండి బాగైతలేదు పో!"

మా ఆయన కూడా నవ్వాడు. ఆ నవ్వు నేను మరిచిపోలేను. ఏమన్నాడో తెలియకుండా, ఎదుటివాడు నవ్వాడు కాబట్టి తనూ నవ్విన నవ్వు అది.

"ఇను బాబూలాల్" అన్నాడు హన్మండ్లు. "రేపు ఆఖరి దినం. ఐదు గొట్టంగ మైకులు బంద్. రేపు లింగంపేట అవతల, అవతలోళ్ల సొంతూర్ల మన ఊరేగింపు. రేపు గిన బండి ఆగిందనుకో, అది బండి తప్పు గాదు. నీ తప్పు. నువ్వు ఎవలకు అమ్ముడుపోయినవో మాకు తెలుస్తది. సమజైందా?"

"ఉస్తాద్ చూస్తుండు గద అన్నా" అన్నాడు బాబూలాల్.

"మరి చూడుమను. గంట టైం. ఇయ్యాల రోడ్డు మీద మైకు తిరగాలె."

వాల్వు బాగైందో లేదో చూసే పద్ధతి ఒకటుంది. ముక్కుకు చిన్న గొట్టం తగిలించి నోటితో గాలి పీలిస్తే కాడ పైకి లేస్తుంది. వదిలితే స్ప్రింగు దాన్ని కిందికి తోస్తుంది. బిళ్ల సరిగా కూర్చుంటే టక్ మంటుంది. కూర్చోకపోతే అనదు. ఇంకో పద్ధతీ ఉంది, తలకిందులుగా పట్టి కొంచెం డీజిల్ పోస్తే కారుతుందా లేదా కళ్లతోనే చూడొచ్చు. కానీ చప్పుడు మీద పెరిగిన మనిషికి అది గుర్తుకురాదు.

"మైకు బంద్ చెయ్యి" అన్నాడు మా ఆయన. బాబూలాల్ పాట ఆపాడు. ఆయన గొట్టం నోట్లో పెట్టుకుని పీల్చాడు. వదిలాడు.

టక్ మనలేదు. బూడిదలో అడుగేసినట్టు మెత్తగా ఏదో అంది, అంతే.

ఆయన నా వైపు చూశాడు. మామూలుగా అయితే నేనే ముందు అడగాలి. 'ఇంకా కూసోలె గద?' అని అడిగితే చాలు, 'కూసోలె' అని మళ్లీ నా పళ్లెంలో వేసేవాడు. కానీ హన్మండ్లు ఫోను జేబులో పెట్టుకుని మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. చెవుడు అన్న మాట ఇంకా గాలిలోనే ఉంది. ఆ మాట అబద్ధమని నిరూపించాలన్న పంతం ఒక్కటే నాకు అప్పుడు తోచింది. బాబూలాల్ గుర్తుకు రాలేదు. ఎంత వెతుక్కున్నా, ఆ క్షణంలో వాడు నాకు గుర్తుకు రాలేదన్నదే నిజం.

"మంచిగ కూసున్నది గద?" అన్నాను. "నాకు ఈడికి ఇనవడ్డది."

"కూసున్నది" అన్నాడు ఆయన. "బిగిద్దాం."

బాబూలాల్ మాకు మూరెడు దూరంలో ఉన్నాడు. ఒక్కసారి నన్ను చూసి, వంగి పానాలు తీశాడు.

మరునాడు జరిగింది వేరేవాళ్లు చెప్పగా విన్నాను. నాలుగు గంటలకు ఆ ఊరి సందులో, ముందు డప్పులు, వెనక అభ్యర్థి జీపు, మధ్యలో బాబూలాల్ బండి. ఇటు అటు గోడలు. బండి రెండుసార్లు నల్లపొగ కక్కి ఆగిపోయింది. మళ్లీ స్టార్టు కాలేదు. అభ్యర్థి జీపు ముందుకు పోలేక, వెనక్కి రాలేక అక్కడే నిలిచిపోయింది. మిద్దెల మీది నుంచి అవతలి వాళ్లు చప్పట్లు కొట్టారు. ఐదయింది. మైకులు బందయ్యాయి. అభ్యర్థి నడుచుకుంటూ ఊరు దాటాడు. ఆయన వెళ్లగానే సొంత పార్టీవాళ్లే బాబూలాల్‌ని బండిలోంచి లాగారు.

ఏప్రిల్ ఇరవై తొమ్మిది పొద్దున బండిని ట్రాక్టరుకు కట్టి మా షెడ్డుకే తెచ్చారు. ముందు అద్దం లేదు. బాబూలాల్ కుడిచెయ్యి మెడకు కట్టి ఉంది, ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. వాళ్లమ్మ దుర్గి వాడి వెనకే నిలబడి ఉంది. తండావాళ్లు పది మంది, పార్టీవాళ్లు పది మంది.

"మేం ఉత్తగనే కొట్టలె అని వీళ్లకు తెల్వాలె" అన్నాడు హన్మండ్లు గట్టిగా, ప్రతి మాటా విడదీస్తూ. "ఉస్తాద్, నీ మాట మీద అందరికీ ఇజ్జత్ ఉన్నది. నువ్వే చెప్పు. మొన్న బండి నీ చేతికెల్లి పోయినప్పుడు, లోపం ఉండెనా? లేకుండెనా?"

మా ఆయన ఎన్నడూ పనిలో అబద్ధం చెప్పినవాడు కాదు. చేయని పని చేశానని అనడు, చెడిన సామాను బాగుందని అనడు. నిలబడి, చేతులు గుడ్డకు తుడుచుకుని, తను నమ్మినదే చెప్పాడు.

"లేకుండె. వాల్వు సాఫ్ జేసినం. కూసున్నది. మా ఇంటామె గూడ ఇన్నది."

అందరూ నా వైపు తిరిగారు.

అప్పుడు చెప్పొచ్చు. 'కూసోలె, నేనే అబద్ధమాడిన' అంటే అయిపోయేది. ఎందుకాడావని అడుగుతారు. మా ఆయనకు వినిపించదని చెప్పాలి. చెవులతో బతికే మెకానిక్‌కి చెవులు లేవంటే రేపటి నుంచి షెడ్డు ముందు ఎవరు బండి ఆపుతారు? ఇదంతా నేను అప్పుడు ఇంత వివరంగా ఆలోచించానని చెబితే అదీ అబద్ధమే. నాకు భయం వేసింది, అంతే. మొదటిసారి పంతం కొద్దీ ఆడాను, రెండోసారి భయం కొద్దీ ఆడాను.

"ఇన్న" అన్నాను. "కూసున్నది."

దుర్గి నన్ను చూసింది. బాబూలాల్ తెరిచి ఉన్న ఒక్క కంటితో నన్ను కాదు, మా ఆయననే చూశాడు. ఏదో అడగబోయి ఆగినట్టు పెదవులు కదిలాయి.

"నీకేమన్న చెప్పేదున్నదా?" అని హన్మండ్లు వాణ్ని అడిగాడు.

"ఉస్తాద్ చెప్పినంక ఇంకేమున్నది" అన్నాడు బాబూలాల్.

దాంతో ఆ మాట ఖాయమైంది. ఓట్లు లెక్కపెట్టిన రోజు ఆ అభ్యర్థి ఓడిపోయాడు. ఓటమికి సవాలక్ష కారణాలుంటాయి గానీ జనానికి ఒకటి చాలు. తండాకు వేస్తామన్న రోడ్డు ఇక రాదని, వీడి వల్లే రాదని తండావాళ్లే వాడితో మాట్లాడటం మానేశారు. పెళ్లిళ్ల కాలం నడుస్తున్నా ఎవరూ బండి అడగలేదు. చెయ్యి అతకక ముందే బండిని తాడ్వాయిలో విత్తనాల దుకాణం ఉన్న కృష్ణమోహన్ అనే ఆయనకు అమ్మేసి, జూన్ మొదటి వారంలో బాబూలాల్ మళ్లీ దుబాయ్ వెళ్లిపోయాడు. కొత్త రాష్ట్రం వచ్చిందని ఎల్లారెడ్డిలో పటాకులు కాల్చిన రోజు వాడు కామారెడ్డి స్టేషన్‌లో రైలు కోసం కూర్చున్నాడట. మా షెడ్డు వైపు రాలేదు. వస్తే నేను ఏం చేసేదాన్నో నాకు తెలియదు.

"మంచి పిలగాడనుకున్న" అన్నాడు మా ఆయన ఒకరోజు అన్నం తింటూ. "పైసలకు గంత కక్కుర్తి పడ్తడనుకోలె."

నేను నీళ్లు తాగి లేచాను.

మిరుగం కార్తె పడి, రెండు వానలు కురిశాక, ఆ తెల్లబండి మళ్లీ మా షెడ్డు ముందు ఆగింది. కృష్ణమోహన్ దిగాడు. "మెల్లగ పోతె బందయితుంది ఉస్తాద్. అమ్మినాయన చెప్పిండు, ఏమైనా అయితె మీ దగ్గరికే పోవాల్నని." బండి వదిలి బస్సెక్కి వెళ్లిపోయాడు.

చుట్టూ ఎవరూ లేరు. వాన పడుతోంది. తొందర పెట్టేవాళ్లు లేరు కాబట్టి మా ఆయన నిదానంగా వాల్వు విప్పాడు. గొట్టంతో పీల్చలేదు. ఎందుకో ఆ రోజు తలకిందులు చేసి, మూతడు డీజిల్ పోసి పట్టుకున్నాడు. సన్నటి ధార కట్టి కారింది. వేలు లోపలికి పోనిచ్చి అంచు తడిమాడు. రాయిలా ఉన్న ఆ మసి వలయం అలాగే ఉంది. ఒకటిన్నర నెలలో పట్టేది కాదది. మసి వయసు ఆయన వేలికి తెలుసు.

వాల్వును పక్కన పెట్టాడు. తర్వాత వచ్చి నా ముందు కూర్చున్నాడు, నా పెదవులు కనిపించేంత దగ్గరగా.

"ఆ దినం సప్పుడైందా?"

"కాలె" అన్నాను.

"మరి అయిందంటివి."

"అందరున్నరు."

"అందరుంటె?"

రేకుల మీద వాన గట్టిగా కొడుతోంది. ఆ చప్పుడు కూడా ఆయనకు వినిపిస్తోందో లేదో అనుకున్నాను.

"నాకు చెవుడని నీకెప్పటి సంది ఎరికె?"

"పోయిన బతుకమ్మ సంది."

మా ఇంట్లో ఆ మాట పైకి రావడం అదే మొదలు. ఆయన తిట్టలేదు, కొట్టలేదు. తిడితే బాగుండేది. లేచి వాల్వు తీసుకుని, సన్నటి చాకుతో ఆ మసిని గీకడం మొదలుపెట్టాడు. నేను పట్టుకోబోతే ఇవ్వలేదు. మధ్యాహ్నం దాకా గీకాడు. మళ్లీ డీజిల్ పోశాడు. చుక్క కారలేదు. బిగించి స్టార్టు చేస్తే బండి ఎంత మెత్తగా తిరిగిందంటే నాకు ఏడుపొచ్చింది. ఒక పూట పని. ఆ ఏప్రిల్‌లో మాకు లేనిది ఆ ఒక్క పూటే.

"నడువ్" అన్నాడు. షెడ్డు షట్టరు కిందికి దించాడు.

తండాకు నడిచే పోయాం. దారంతా ముందు ఆయన, వెనక నేను. దుర్గి ఇంటి ముందు చాటలో జొన్నలు చెరుగుతోంది. మమ్మల్ని చూసి లేవలేదు. పక్కిళ్ల ఆడవాళ్లు ఒకరిద్దరు వచ్చి గడపల్లో నిలబడ్డారు.

మా ఆయన చేతులు జోడించాడు. "అవ్వా, నీ కొడుకు తప్పు లేదు. బండి బాగు కాలె. నాకు ఇనవడలె. తప్పు జెప్పిన. పది మందిల చెప్త, హన్మండ్లు ఇంటికి పోయి గూడ చెప్త. బాబూలాల్‌కు ఫోన్ చేసి రమ్మను."

దుర్గి చాట పక్కన పెట్టింది. తల ఎత్తకుండా, నేలతో మాట్లాడినట్టు నెమ్మదిగా చెప్పింది.

"వానికి ఎరికె. కూసోలేదని ఆ దినమే ఎరికె, పక్కపొంటె ఉండె గద. ఆ దెబ్బలు తిన్న దినం గూడ చెప్పిండు నాకు. ఉస్తాద్‌కు చెవుల్లేవని నేను బయట జెప్తె దుకాణం బందయితది, వాళ్లిద్దరేం తింటరు, నేనైతె దుబాయ్ పోత, వాళ్లేడికి పోతరన్నడు. ఎవలకు చెప్పొద్దని నాతోని ఒట్టు పెట్టిచ్చుకున్నడు. ఇప్పుడు రమ్మంటె ఎట్లొస్తడు? రెండేండ్లకు దస్కతు పెట్టిపోయిండు."

మా ఆయన ఆమె పెదవులు చూడాలని వంగాడు. ఆమె తల ఎత్తలేదు. ఆయన నా వైపు తిరిగాడు.

"ఏమంటుంది?"

గడపల్లో ఇప్పుడు ఏడెనిమిది మంది ఉన్నారు. నా నోట్లోంచి ఏ మాటైనా రావచ్చు. బాబూలాల్ మంచిగున్నాడట, మనల్ని ఏమనుకోలేదట అంటే ఆయన నమ్మేవాడు. నేను ఏది చెబితే అదే ఆయనకు నిజం.

దగ్గరికి పోయి, ఆయన భుజం పట్టుకుని, చెవిలో నోరు పెట్టి అరిచాను. దుర్గి అన్న మొదటి మాట నుంచి చివరి మాట దాకా, ఒక్కటీ విడవకుండా అరిచాను. తండా అంతా విన్నది.

మొదటిసారి ఆయనకు అందలేదు. మళ్లీ అరిచాను.